వేలంలో నా పేరు పెట్టకు

మెక్నెస్,
మార్చి 4

విదాద్ తల్లికి,

మీ పెద్దమ్మ వెయ్యి సలాములు. ఒంట్లో ఎలా ఉంది? కాసాబ్లాంకా సముద్రపు గాలికి నీ దగ్గు తగ్గిందా, ముదిరిందా? వేళకి తింటున్నావా, లేక ఆ ఆఫీసు కుర్చీలోనే రొట్టెముక్క కొరికి సరిపెట్టుకుంటున్నావా? నీ పెళ్ళి మాట ఎత్తను. ఎత్తలేదని గుర్తుంచుకో.

ఫోన్ చేయలేదని అలగకు. యాభై ఏళ్ళు పెళ్ళి బాకాల పక్కన నిలబడిన చెవులు ఇవి. ఫోన్లో నువ్వేమన్నా నాకు తేనెటీగ తిరిగినట్టే వినపడుతుంది. అందుకే ఈ ఉత్తరం బస్సు డ్రైవరు బూఅజ్జా చేతికి ఇస్తున్నాను, ఆలివ్ కాయల డబ్బాతో పాటు. డబ్బా మూత ఎవరో తీసినట్టుంటే అతన్నే అడుగు.

ఇక అసలు సంగతి. ఈ వేసవికి నా చేతిలో ఒక్క పెళ్ళి లేదు. ఫ్రాన్సు నుంచి, బెల్జియం నుంచి సెలవులకు దిగే కుటుంబాలన్నీ ఈపాటికి నా గుమ్మం ముందుండాలి. పెళ్ళికూతురికి ఏడు జతల కాఫ్తాన్లు మార్చి, నగలు పెట్టి, పల్లకిలో ఎక్కించి, సభలో ఊరేగించాలంటే మెక్నెస్‌లో నెగ్గాఫా అంటే నేనే అనుకునేవాళ్ళు. ఇప్పుడు అందరూ సిహామ్ దగ్గరికి పోతున్నారు. నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల! పెళ్ళికూతుర్ని రంగు దీపాల కుర్చీలో కూర్చోబెడదాం అన్నందుకు చెప్పు తీసుకుని తరిమాను చూడు, ఆ సిహామ్. ఫోన్లో వెతికితే అందరికంటే పైన అదే కనిపిస్తుందట.

ఇక్కడి కొత్త పేటలో ఒక పెద్ద హోటలు వాళ్ళు నా పల్లకి కొంటామంటున్నారు. నీళ్ళు చిమ్మే తొట్టి పక్కన పెట్టి, టూరిస్టుల్ని కూర్చోబెట్టి ఫోటోలు తీస్తారట. పొట్టి లాగులు వేసుకున్న మగాళ్ళు నా పల్లకిలో! రంజాన్ లోగా ఇచ్చెయ్యమన్నారు. ఒక్క పెళ్ళి కుదిరినా అమ్మను. కుదరకపోతే అమ్మేసి, ఇంట్లో కూర్చుని పప్పులు ఏరుకుంటాను.

నీ ఉద్యోగమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మనుషుల్ని ఫోన్లో పైకి లేపే పని అని పక్కింటి ఖనాతా చెప్పింది. అయితే నన్ను లేపు.

మీ పెద్దమ్మ


కాసాబ్లాంకా,
మార్చి 10

యాకూత్ పెద్దమ్మకు,

నీ విదాద్ నమస్కారాలు, ముద్దులు. డబ్బాలో సగం కాయలే ఉన్నాయి. బస్సు కుదుపులకి ఒలికాయన్నాడు బూఅజ్జా. ఒలికినవి ఏవని అడిగితే నవ్వాడు. నా పెళ్ళి మాట ఎత్తనందుకు సంతోషం. ఎత్తావు.

నా ఉద్యోగం ఏమిటో ఈసారి సరిగ్గా చెప్తాను. ఆఫీసు మాట ఒకటి వాడితే పక్కనే మన మాటలో అర్థం పెడతాను.

జనం ఫోన్లో ఒక పెట్టెలో ఏవో మాటలు కొట్టి వెతుకుతారు. ఆ మాటలే కీవర్డ్స్. ‘మెక్నెస్ పెళ్ళి ముస్తాబు’ అని ఎవరో కొట్టారనుకో. జవాబులు రెండు వరసల్లో వస్తాయి. కింది వరస సొంత పలుకుబడితో పైకొచ్చినవాళ్ళది, దాన్ని ఆర్గానిక్ అంటాం. అక్కడ చోటు దొరకాలంటే నీకు ఏడాది పడుతుంది. పై వరస డబ్బు కట్టినవాళ్ళది. మనకు గడువు రంజానే కాబట్టి పై వరస కొనుక్కోవాలి.

ఆ వరసకి వేలం జరుగుతుంది. ఏ మాటకి ఎంత ఇస్తావో పాడాలి, అదే బిడ్. ఎక్కువ పాడినంత మాత్రాన పైచోటు రాదు. ప్రకటనలో, అంటే మన బోర్డు మీద, రాసింది లోపల ఉందా లేదా అని చూసి మార్కులు కూడా వేస్తారు. నీ ప్రకటన ఎవరి కంటనైనా పడితే ఇంప్రెషన్, అది ఉచితం. దాని మీద నొక్కితే క్లిక్, అప్పుడు మాత్రమే డబ్బు. నొక్కినవాళ్ళు వచ్చి దిగే చోటు ల్యాండింగ్ పేజీ, అంటే మన గుమ్మం అన్నమాట. గుమ్మంలోకి వచ్చి పెళ్ళి ఖాయం చేసుకుంటే దాన్ని కన్వర్షన్ అంటాం. మనకు అలాంటిది ఒక్కటి చాలు.

నువ్వు రెండు సంగతులు రాసి పంపు. పెళ్ళివాళ్ళు ఏ మాటలతో వెతుకుతారు? ఏ మాటలతో వెతికేవాళ్ళకి మనం అస్సలు కనబడకూడదు? ఈ రెండోవాటిని నెగటివ్ కీవర్డ్స్ అంటాం. అవి కొట్టినవాళ్ళకి మన తలుపు మూసే ఉంటుంది.

నీ విదాద్


మెక్నెస్,
మార్చి 16

విదాద్ తల్లికి,

సలాములు. నీ ఉత్తరం ఖనాతాకి చదివి వినిపించాను. ‘మీ పిల్ల వేలంపాట వేసేదన్నమాట’ అంది. గౌరవమైన పనే, గాడిదల సంతలో మా మామ కూడా అదే చేసేవాడు.

‘మెక్నెస్ పెళ్ళి ముస్తాబు’ అని మూడు ముక్కలు మొహాన కొడతారా? సలాం లేదు, క్షేమసమాచారం లేదు! పరువైన కుటుంబం అలా అడగదు. నువ్వు ఇలా పెట్టు: ‘అస్సలాము అలైకుమ్, అల్లా మీ ఇంటికి శుభం చేయుగాక, మా అమ్మాయికి సంబంధం కుదిరింది, చేయి తిరిగిన నెగ్గాఫా ఎవరైనా మీ ఎరుకలో ఉన్నారా?’ ఇలా అడిగినవాళ్ళే మనకు కావాలి.

తలుపు మూయాల్సినవాళ్ళు వీళ్ళు. ‘చవక’ అనేవాళ్ళు. ‘తొందరగా’ అనేవాళ్ళు. రంగు దీపాల కుర్చీ అడిగేవాళ్ళు. పాలవాడి చెల్లెలు, పోయిన పెళ్ళిలో నా కాఫ్తాన్ అంచు పట్టుకుని పదిమందిలో మూతి విరిచింది. ఇక సిహామ్ సంగతి చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, నా పేరు. నా పేరు ఎక్కడా పెట్టకు. ముక్కూమొహం తెలియని జనమంతా చూసేచోట ‘యాకూత్, యాకూత్’ అని వేలం పాడిస్తావా? దిష్టి తగిలి మంచాన పడతాను. మా అమ్మ తన పేరు వాకిలి దాటనిచ్చేది కాదు. ఎవరైనా నా పేరు కొట్టారో, తలుపు మూసే ఉండాలి. నా ప్రాణం మీద ఒట్టు. ఇప్పటికే పటిక పొగ వేశాను.

ప్రకటన ఎప్పుడు పెడతావో ముందుగా కబురు చెయ్యి. వీధిలో చెప్పుకోవాలి.

మీ పెద్దమ్మ


కాసాబ్లాంకా,
మార్చి 24

పెద్దమ్మా,

శుభవార్త! నా పదేళ్ళ ఉద్యోగంలో ఇలాంటిది చూడలేదు. బూఅజ్జా చేత నీకు ముందే కబురు చేసినట్టు బుధవారం పొద్దున ప్రకటన పెట్టానా, కాఫీ తాగి వచ్చేసరికి ఆ రోజుకి కేటాయించిన డబ్బంతా అయిపోయింది. అంతమంది నొక్కారు! గురువారమూ అంతే, శుక్రవారమూ అంతే. మా మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చి ‘ఈ ప్రకటన రాసిందెవరు?’ అని అడిగి అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. నేను కాస్త కాలరెగరేశాను కూడా.

నువ్వు పంపిన సలాముల వాక్యం పెట్టాను. ఇంతవరకు ఎవరూ అలా వెతకలేదు. మూడు ముక్కలవాళ్ళే వస్తున్నారు. నెగటివ్ కీవర్డ్స్ అంటే మాటలు పెద్దమ్మా, మనుషులు కారు. పాలవాడి చెల్లెల్ని ఆపే యంత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. నీ పేరు మాత్రం ఆపేశాను, ఒట్టు వేశావు కాబట్టి. దానివల్ల నష్టమేమీ లేదులే. జనం పని పేరుతో వెతుకుతారు గానీ మనిషి పేరుతో వెతకరు. ఇది నా అనుభవం.

ఒక్కటే దిగులు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెనక్కి పోతున్నారు. ఫోటోలు చూడరు, నంబరు అడగరు. దీన్ని బౌన్స్ అంటాం. గుమ్మం దాకా వచ్చి, చెప్పులైనా విప్పకుండా వెళ్ళిపోవడం. నూటికి తొంభైమంది అదే చేస్తున్నారు. ఎందుకో అంతుపట్టడం లేదు.

నీ విదాద్


మెక్నెస్,
మార్చి 30

విదాద్ తల్లికి,

సలాములు. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. నా గుమ్మం దాకా వచ్చి టీ తాగకుండా వెళ్ళారా? తొంభైమందా? మా ఇంటికి కరెంటు బిల్లు తెచ్చేవాడు కూడా రెండో గ్లాసు తాగాకే లేస్తాడు. నా మీద ఏం విన్నారు వాళ్ళు? నా ఇంట్లో ఏం కంపు కొట్టింది? నువ్వు ఆ గుమ్మంలో ఎవర్ని నిలబెట్టావసలు? నవ్వు మొహంతో ‘రండి, కూర్చోండి’ అనేవాళ్ళు ఉన్నారా? ఉత్త ఫోటోలు పెట్టి ఉంటావు. ఇది కచ్చితంగా సిహామ్ పనే. వీధి చివర నిలబడి వచ్చేవాళ్ళకి ఏదో నూరిపోస్తోంది.

నువ్వు బెంగపడకు. మనవైపు నుంచి నేను లోటు రానివ్వడం లేదు. కొత్త దుకాణం తెరిస్తే అయినవాళ్ళు, ఇరుగుపొరుగు లోపల అడుగుపెట్టి ‘మబ్రూక్’ అని శుభం పలకాలా వద్దా? వీధి వీధంతా చెప్పాను. నువ్వు రాసిన మూడు ముక్కలు కొట్టి, పైన ఉన్న మనల్ని నొక్కి, మబ్రూక్ అనుకుని వచ్చేస్తున్నారు. ఖనాతా ముగ్గురు కోడళ్ళ ఫోన్ల నుంచీ నొక్కించింది. రొట్టెల పొయ్యి దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళందరూ నొక్కారు. హమ్మామ్ స్నానశాలలో బట్టలు మార్చుకునే గదిలో ఆడవాళ్ళు ఒకళ్ళ ఫోను ఒకళ్ళు లాక్కుని మరీ నొక్కారు. నేను కూడా తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే బిస్మిల్లా అని ఒకసారి నొక్కుతాను, దుకాణం తెరిచి ఉందో లేదో చూసుకోవాలిగా.

నొక్కితే డబ్బు అని నువ్వు రాసిందీ అందరికీ చెప్పాను. పెళ్ళికూతురికి నోట్లు చదివించినట్టు ఆ డబ్బు నొక్కినవాళ్ళ దగ్గర్నుంచి నీకు ముడుతుందనుకుంటాను. అయినా ఒక్కరూ వెనకాడలేదు. మా వీధివాళ్ళ మనసు అలాంటిది.

రేపటి నుంచి ఇంకా గట్టిగా నొక్కిస్తాను.

మీ పెద్దమ్మ


కాసాబ్లాంకా,
ఏప్రిల్ 4

పెద్దమ్మా!

సలాములు తర్వాత. ఈ ఉత్తరం చేతికందిన క్షణం నుంచి ఎవరూ, ఎవరూ అంటే ఎవరూ, నొక్కకూడదు!

నొక్కినవాళ్ళు డబ్బు ఇవ్వరు. ప్రతి నొక్కుడుకీ డబ్బు మనం కట్టాలి! టీ తాగకుండా వెనక్కి పోయిన ఆ తొంభైమంది ఎవరనుకుంటున్నావు? ఖనాతా, ఆవిడ కోడళ్ళు, రొట్టెల పొయ్యి, హమ్మామ్, నువ్వు! పొద్దున పది కాకముందే మీరంతా మబ్రూక్ అని డబ్బు ఊడ్చేస్తుంటే, నిజంగా పెళ్ళి ఉన్నవాళ్ళు మధ్యాహ్నం వెతికేసరికి మన ప్రకటన ఉండటం లేదు. అక్కడ సిహామ్ కనిపిస్తోంది.

మేనేజరు చప్పట్లు కొట్టించాడన్నానుగా. నిన్న అదే గదిలో, అదే జనం ముందు, ఇది నీ చుట్టాల నొక్కుడా అని అడిగాడు. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

ఒక ముక్క సూటిగా చెప్తున్నాను, కోపం తెచ్చుకో. ఇది నీ కాలం కాదు పెద్దమ్మా. నీకిది ఎక్కదు. ఆ హోటలు వాళ్ళకి పల్లకి ఇచ్చేసి హాయిగా ఉండు.

విదాద్


మెక్నెస్,
ఏప్రిల్ 9

విదాద్‌కు,

సలాం.

నీ ఉత్తరం అందింది. ఎవరూ నొక్కడం లేదు. ఖనాతాకి చెబితే ఏడ్చింది. కోడళ్ళని కూడా తిట్టిందట, వాళ్ళేం చేశారు పాపం.

హోటలు వాళ్ళకి కబురు పంపాను. ఇరవై అయిదో తారీఖున బండి తెచ్చి పల్లకి తీసుకెళ్తారు.

ఈసారి ఆలివ్ కాయలు పంపడం లేదు.

యాకూత్ బింత్ అబ్బాస్


కాసాబ్లాంకా,
ఏప్రిల్ 13

పెద్దమ్మా,

మీ నాన్న పేరుతో సహా సంతకం పెట్టావంటే నువ్వెంత నొచ్చుకున్నావో తెలిసింది. అమ్మ పోయాక నాకు జడ వేసింది నువ్వు. బడి నుంచి ఏడుస్తూ వస్తే పెళ్ళికూతుళ్ళ కిరీటం నా నెత్తిన పెట్టి నవ్వించింది నువ్వు. అలాంటి నీకు ‘ఇది నీ కాలం కాదు’ అని రాశాను. నా చెయ్యి విరిగినా బాగుండేది. ఆఫీసులో అవమానం జరిగితే ఆ కసి నీ మీద తీర్చుకున్నాను, క్షమించు. ఖనాతాకి కూడా నా తరఫున చెప్పు.

మబ్రూకులు ఆగాక అసలు సంగతి తేలింది. నిజమైన పెళ్ళివాళ్ళు ఈ పని పేర్లతో వెతకడం చాలా తక్కువ. ఉన్న ఆ కొద్దిమంది కోసం నేను పాట పెంచితే సిహామ్ పెంచుతోంది, సిహామ్ పెంచితే నేను పెంచుతున్నాను. లాభం ఆ వెతికే పెట్టె యజమానికి.

ఇంకా పన్నెండు రోజులుంది. హోటలు వాళ్ళకి మాట ఇచ్చినా ఏదో ఒక దారి చూద్దాం. నాకు మాత్రం తోచడం లేదు.

నీ విదాద్


మెక్నెస్,
ఏప్రిల్ 18

విదాద్ తల్లికి,

సలాములు. ఏడవకు. నీ ఉత్తరం మీద సిరా అలుక్కుపోయి నాలుగు మాటలు చదవలేకపోయాను.

మన వృత్తిలో ఇద్దరు కొట్టుకుంటే పెద్దదిక్కు కూర్చోబెట్టి తీర్పు చెప్పాలి. మెక్నెస్ నెగ్గాఫాల్లో పెద్దదాన్ని నేనే. కాబట్టి నా తగువు నేనే తీర్చాలని జెల్లాబా అంగీ వేసుకుని సిహామ్ ఇంటికి బయల్దేరాను.

నన్ను చూసి అది గోడకి అంటుకుపోయింది. దాని కళ్ళు నా చెప్పుల మీదే ఉన్నాయి.

‘ఏమే, ఆ వేలంపాట ఎందుకు పెంచుతున్నావు?’ అన్నాను.

‘మీరు పెంచబట్టే కదండీ యాకూతమ్మా!’ అని నా చెవిలో అరిచింది. ‘అయినా ఆ మాటల మీద నేను పెట్టేది తక్కువ. నా డబ్బంతా ఒక్క మాట మీదే పెడతాను.’

‘ఏ మాటే అది?’

తల దించుకుంది. ‘యాకూత్’ అంది.

నాకు వినపడలేదనుకుని మళ్ళీ అరిచింది. వినపడింది తల్లీ. మొదటిసారే.

‘బయటిదేశాల నుంచి కొట్టేది ఆ మాటే అమ్మా. యాకూత్ మెక్నెస్, యాకూత్ పల్లకి. కొందరికి స్పెల్లింగు కూడా రాదు, ఎలా పడితే అలా కొడతారు. మీ పేరు కొడితే మీరు రారు. నేనొస్తాను. నొక్కినవాళ్ళంతా ముందు మిమ్మల్నే అడుగుతారు.’

‘అడిగితే నువ్వేం చెప్పావు?’

‘ఇంటిపట్టునే ఉంటున్నారని చెప్పాను. అంతే, పిల్లల మీద ఒట్టు. ఆ విన్నవాళ్ళు మంచం పట్టారని చెప్పుకున్నారు. ఆ పైవాళ్ళు...’

‘చచ్చిపోయానా?’

‘రెండేళ్ళయిందటండీ’ అంది.

చెప్పు తీద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. సిగ్గు విడిచి రాస్తున్నాను, కోపం కంటే ముందు సంతోషం వచ్చేసింది. ఇన్నేళ్ళూ నేనేమనుకున్నాను? సభలో కళ్ళన్నీ పెళ్ళికూతురి మీదే ఉంటాయి, పక్కన కాఫ్తాన్ అంచు సర్దే మనిషి ఎవరికి గుర్తుంటుంది అనుకున్నాను. వాళ్ళకి నా పేరు తెలుసు. వాళ్ళ పిల్లలకి కూడా చెప్పారు. తలుపు మూసుకున్నది నేనే.

ఆ పిల్ల ఏడ్చింది. నా పేరుతో చేసింది దొంగతనమేనని ఒప్పుకుంది, ఇక ఆ మాట మీద పాడనంది. సరే అన్నాను. మూడు గ్లాసుల టీ తాగాకే వచ్చాను.

ఈ ఉత్తరం అందగానే నా పేరు మీద పెట్టిన అడ్డు తీసెయ్. ఒట్టు తప్పినందుకు పదిమంది పేదలకి భోజనం పెట్టాలి, శుక్రవారం కుస్కుస్ వండి పెడతాను. దిష్టి సంగతి పటిక చూసుకుంటుంది.

మీ పెద్దమ్మ


కాసాబ్లాంకా,
ఏప్రిల్ 21

పెద్దమ్మా,

అడ్డు తీసేశాను. ప్రకటన మీద నీ పేరే మొదటి మాట.

‘మనిషి పేరుతో ఎవరూ వెతకరు, ఇది నా అనుభవం’ అని రాశాను చూడు, ఆ ఉత్తరం నీ దగ్గర ఉంటే చింపేసి పొయ్యిలో వేసెయ్. సొంత పేరుని మూసిపెట్టుకోకూడదన్నది మా పనిలో మొదటి రోజు నేర్పే పాఠం. నీ విషయంలో నాకది గుర్తే రాలేదు. మా పెద్దమ్మ పేరు ఎవరికి తెలుసులే అనుకున్నాను. నిన్ను నేనూ చిన్నచూపు చూశానన్నమాట.

నీ పేరుకి నువ్వు కట్టాల్సింది చాలా తక్కువ. బోర్డు మీద రాసిందే లోపల ఉందా అని మార్కులు వేస్తారని చెప్పానుగా. యాకూత్ కోసం వెతికినవాళ్ళకి యాకూత్ గుమ్మమే సరైనదని ఆ పెట్టెకి కూడా తెలుసు.

జనం వస్తున్నారు. ఫోటోల దగ్గర ఆగి చూస్తున్నారు. కానీ అక్కడ పెట్టిన మీ ఇంటి ఫోన్ నంబరుని ఇంతవరకు ఎవరూ నొక్కలేదు. ఇరవై అయిదు దగ్గర పడుతోంది.

నీ విదాద్


మెక్నెస్,
ఏప్రిల్ 26

విదాద్ తల్లికి,

సలాములు, ముద్దులు. బూఅజ్జా చేతికి రెండు డబ్బాలు ఇచ్చాను, ఒకటి అతని కోసమే. అయినా నీది తూకం వేయించుకో.

నిన్న పొద్దున్నే హోటలు బండి వచ్చింది. ముందు మాట్లాడిన మేనేజరు రాలేదు, కూలీల్ని పంపాడు. తలుపు తీయగానే వాళ్ళలో పెద్దవాడు టోపీ తీసి, ‘పోయిన నెగ్గాఫాగారి పల్లకి ఇక్కడేనా అమ్మా? అల్లా ఆవిడకి స్వర్గం ఇవ్వాలి’ అన్నాడు. ‘ఆమీన్’ అన్నాను. ఇంకేమంటాను?

సిహామ్ కూడా వచ్చింది. వద్దండీ అమ్మకండి అని పల్లకి కాలు పట్టుకుని కూర్చుంది. మాట ఇచ్చాను, లేవమన్నాను. కూలీలు పైగుడ్డ విప్పి తాళ్ళు కడుతున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. చూడలేకపోయాను తల్లీ.

అప్పుడు ఫోన్ మోగింది. నాకు వినపడదుగా, సిహామే తీసింది. వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, అవతల వాళ్ళనే మాటలు ఒక్కొక్కటే నా చెవిలో అరిచి చెప్పింది. లియాన్ నుంచి బతూల్ అట. నా మొదటి ఏడాది నేను ముస్తాబు చేసిన పెళ్ళికూతురు. ఇప్పుడు మనవరాలికి పెళ్ళి. యాకూత్ పోయిందని విని, ఊరికే ఒకసారి పల్లకి ఫోటో అయినా చూపిద్దామని మనవరాలి చేత నా పేరు కొట్టించిందట. నేను కనబడ్డాను.

‘బతికే ఉన్నావా? నీ ఆత్మకోసం రెండుసార్లు ఖురాన్ చదివించానే! ఆ పుణ్యం ఇప్పుడేం చెయ్యను?’ అంది.

‘దాచి ఉంచు, ఎప్పటికైనా కావాల్సిందేగా’ అన్నాను.

జులై ఆఖరి శనివారం పెళ్ళి. కూలీలకి టీ ఇచ్చి, తాళ్ళు విప్పించి పంపేశాను. హోటలు మేనేజరుకి, పోయిన మనిషి మనసు మార్చుకుందని చెప్పమన్నాను. ఒక్క పెళ్ళికి పల్లకి శుభ్రం చేస్తున్నామా, మధ్యాహ్నానికి బ్రసెల్స్ నుంచి ఇంకొకళ్ళు. వాళ్ళ సంగతి సిహామ్ మాట్లాడుతోంది. రెండు పెళ్ళిళ్ళూ ఇద్దరం కలిసే చేస్తాం. రంగు దీపాలు మాత్రం రావు, ఖరాఖండిగా చెప్పాను.

నువ్వు జులై చివర సెలవు పెట్టుకుని రా. కాఫ్తాన్ల ముడులు వేయడానికి మనిషి కావాలి.

బతూల్ ఫోన్ పెట్టేసే ముందు ఒక మాట అంది. ‘నా పెళ్ళినాడు భయంతో నా చేతులు వణుకుతుంటే, పల్లకి ఎక్కేదాకా నువ్వు పట్టుకుని వదల్లేదు. మా పిల్లకీ ఆ చేతులే కావాలి’ అంది. నిజం చెప్పాలిగా, ‘ఇప్పుడు వణికేవి నా చేతులే బతూల్’ అన్నాను.

‘ఏం ఫర్వాలేదు, ఈసారి మా పిల్ల పట్టుకుంటుందిలే’ అంది.

మీ పెద్దమ్మ
యాకూత్